కాశీనగర్ జీడితోట జీపు

జీపుకు రంగు వేయించడం తేలిక. తుప్పును నిజంగా తీయడమే అసలు పని. మా పర్లాకిమిడి చుట్టుపక్కల పాత జీపులు కొన్నవాళ్లలో చాలామంది తుప్పు మీదే పుట్టీ పెట్టించి, మిలిటరీ పచ్చ కొట్టించేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ పచ్చ కింద పొక్కులు లేస్తాయి. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే నా జీపును పెరట్లో రేకుల షెడ్డు వేసి, నా చేతులతోనే విప్పాను.

ఇది మహీంద్రా సీజే 3బి. కాశీనగర్ వైపు ఒక జీడితోటలో ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయింది. ఆర్సీ పుస్తకంలో 1968, గంజాం జిల్లా అని ఉంది. మా గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయింది 1992లోనే కదా. బానెట్ ఎత్తు చూసి ఈ మోడల్‌ను ఇట్టే పోల్చుకోవచ్చు. అంతకు ముందరి విల్లీస్ జీపుల్లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. ఇందులోని హరికేన్ ఇంజిన్‌లో గాలి, పెట్రోలు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లోకి వెళ్లాయి, పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్‌వి కిందే ఉండిపోయాయి. దాంతో ఇంజిన్ పొడుగైంది, బానెట్‌నూ ఎత్తాల్సి వచ్చింది.

మెకానిక్ బాబాయ్ వచ్చి చూసి, "డీజిల్ ఇంజిన్ ఎక్కించేయ్ నాయనా, మైలేజీ వస్తాది" అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే, ఈ పెట్రోలు ఇంజిన్ బాగా తాగుతుంది. అయినా నేను ఒప్పుకోలేదు. ఆ ఇంజిన్ తీసేస్తే ఆ బానెట్ ఎత్తుకు అర్థమేముంది? పైగా 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన బండి ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉంటేనే 'వీఏ' సిరీస్ నంబరు ఇస్తారు.

ఇక తుప్పు సంగతి. నేల రేకు కింద అడ్డంగా ఛానళ్లు ఉంటాయి. వాటిలో మట్టి, ఆకులు ఇరుక్కుని వానాకాలమంతా తడి పట్టుకునే ఉంటాయి. తుప్పు రేకును లోపలి నుంచి తినేసుకుంటూ వస్తుంది, పైన మాత్రం రంగు నిగనిగలాడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. దిగిందంటే ఆ ముక్క కోసేయాల్సిందే. మెరిసే ఇనుము తగిలేదాకా కోసి, 18 గేజ్ రేకు కత్తిరించి, సీఓటూ వెల్డింగ్ పెట్టించాను. వెల్డింగ్ ఒకేసారి గీత లాగా లాగకూడదు. ఇక్కడో చుక్క, దూరంగా మరో చుక్క పెడుతూ రావాలి, లేకపోతే వేడికి రేకు వంకర్లు పోతుంది.

బ్రాకెట్లు, పెడళ్లు, బోల్టుల్లాంటి చిన్న సామాన్లకు మొలాసిస్ (చెరకు మడ్డి) వాడాను. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, డ్రమ్ములో వారాల తరబడి నానబెట్టాలి. వాసన భరించలేం, ఈగలు ముసురుతాయి, ఇంట్లోవాళ్లు తిడతారు. కానీ అది తుప్పును వదిలిస్తుంది, మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు. కార్బురేటర్‌ను మాత్రం అందులో వేయకండి, ఆ లోహాలు దెబ్బతింటాయి. కడిగిన వెంటనే ఎండలో ఆరబెట్టి ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. మా మహేంద్రతనయ నది ఒడ్డు గాలి తేమకు, గంట ఆగితే ఇనుము మళ్లీ ఎర్రబడుతుంది.

ఇలాంటి బండి విప్పేవాళ్లకు ఒక్క జాగ్రత్త. నా జీపుకు ఎడమ వైపు చక్రాల నట్లు తిరగేసిన మరలు, వాటిని కుడివైపు తిప్పితేనే ఊడతాయి. స్టడ్ కొసన 'ఎల్' అక్షరం కనిపిస్తుంది. అది చూడకుండా స్పానర్‌కు పైపు తగిలించి లాగితే స్టడ్ తెగిపోతుంది.

పట్టేసిన ఇంజిన్‌ను కూడా తొందరపెట్టలేదు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో డీజిల్ పోసి వదిలేశాను. రోజూ పొద్దున్నే ముందు బంపర్ కన్నంలోంచి హ్యాండిల్ పెట్టి కొంచెం ఇటూ అటూ ఆడించేవాణ్ణి. కదిలింది! హెడ్ దింపి వాల్వులు పేస్టుతో అరగదీశాం. ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కోలో (డిస్ట్రిబ్యూటర్) కొత్త పాయింట్లు వేసి, వాటి మధ్య అర మిల్లీమీటరు సందు పెట్టాం. స్టార్టయినప్పుడు బాబాయ్ బానెట్ మీద చెయ్యి వేసి, "పెట్రోలే ఉండనీ నాయనా" అన్నాడు.

బ్రేకుల పని మిగిలింది. వీల్ సిలిండర్లు విశాఖ నుంచి రావాలి. వింటేజ్ నంబరు తీసుకుంటే రోజువారీగా తిప్పడానికి వీల్లేదు, అందుకే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కే వెళ్దామనుకుంటున్నాను. మహేంద్రగిరి ఘాటీ దీని మీదే ఎక్కాలి మరి.