మోటారు ఆపితే రేడియో వినిపిస్తుంది

రేడియో వినే టైముకి నేను మిషను ఎక్కను. ఆ అరగంట కోసం చేతిపని దాచిపెట్టుకుంటాను. జాకెట్లకి హుక్కులు, కాజాలు, చీరలకి ఫాల్స్ అన్నమాట. ఇదేదో రేడియో మీద భక్తి అనుకునేరు. కారణం చాలా మామూలుది. మిషను మోటారు తిరిగిందంటే రేడియో గర్ర్‌మంటుంది.

తొక్కుడు మిషను ఉన్నన్నాళ్ళూ ఈ బాధ లేదు. 2003లో మోటారు బిగించుకున్నాను. రోజుకి నాలుగు జాకెట్లు కుట్టేదాన్ని ఏడెనిమిది కుట్టడం మొదలుపెట్టాను, మోకాళ్ళ నొప్పులూ తగ్గాయి. మర్నాడు పొద్దున వార్తల టైములో పెడల్ మీద కాలు వేశానో లేదో, రేడియోలో చదివే ఆయన గొంతు పోయి తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. కాలు తీస్తే వార్తలు, కాలు వేస్తే రొద. మిషను బాగుచేసే అబ్బాయిని అడిగితే మోటారు మూత విప్పి చూపించాడు. లోపల రెండు చిన్న బొగ్గుముక్కలుంటాయి. వాటికి రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకున్నచోట సన్నటి నీలం రవ్వలు లేస్తుంటాయి. "ఆ రవ్వలే అక్కా నీ రేడియోకి గోల. ఎఫ్ఎమ్ పెట్టుకో, అంత తెలీదు" అన్నాడు.

ఎఫ్ఎమ్ సంగతి తర్వాత చెప్తాను.

మాది తెనాలి. పుట్టింది మాత్రం చల్లపల్లి దగ్గర ఓ పల్లెటూళ్ళో, 1968లో. మా నాన్నకి మర్ఫీ రేడియో ఉండేది, చిల్లుల తోలు కవరుతో. దానికి పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి, లైసెన్సు పుస్తకంలో స్టాంపులు వేయించుకోవాలి. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు, రేడియో వినడానికి లైసెన్సేంటి అంటారు. కట్టనివాళ్ళు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చాలు, సెట్టు తీసుకెళ్ళి వడ్ల బస్తాల వెనక దాచేసేవాళ్ళు. ఎనభైల్లో ఎత్తేశారు ఆ లైసెన్సుల్ని. మా నాన్న ఆ పుస్తకాన్ని పట్టాదారు పాసుపుస్తకం పక్కనే ఉంచాడు, పోయేదాకా.

బ్యాటరీలు నీరసిస్తే పారేసేవాళ్ళం కాదు. అరుగు మీద ఎండలో పెట్టేవాళ్ళం, అప్పడాల పక్కన. ఓ పూట ఎండితే ఇంకో రెండు రోజులు పలికేవి. అప్పడాలకి కాపలా అవసరం గానీ బ్యాటరీల జోలికి కాకులు వచ్చేవి కావు.

పొద్దున్నే మొదటొచ్చే ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూను మా అమ్మకి పొయ్యి వెలిగించే గంట. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడనీ, హిట్లరు రోజుల్లో ప్రాగ్ నుంచి బొంబాయి వచ్చి రేడియోలో పనిచేశాడనీ నాకు ఈమధ్యే తెలిసింది. ఎక్కడి మనిషి, ఎక్కడి మా పొయ్యి! ఆ తర్వాత భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు గారు బెజవాడ కేంద్రంలో తీర్చిదిద్దిన కార్యక్రమం అది. ఆరూ నలభై అయిదుకి ప్రాంతీయ వార్తలు. ఆ వెంటనే సంస్కృతం. "ప్రవాచకః బలదేవానంద సాగరః" దాకా మా ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు, ఆ తర్వాత ఒక్క ముక్క అర్థమైనవాళ్ళు లేరు. మాకది వార్తలు కాదు, బడికి తల దువ్వుకోవాల్సిన టైము. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారు ధర్మసందేహాలు చెప్తుంటే మా నాయనమ్మ రేడియోకి ఎదురుగా కూచుని, మనిషి కనపడుతున్నట్టే తలూపేది. ఒకోసారి ఎదురు ప్రశ్న కూడా వేసేది.

మధ్యాహ్నాలు మాత్రం నావి. శ్రీలంక స్టేషన్లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటలు. ఆవిడ తెలుగు మన తెలుగులా ఉండదు, ఏదో సముద్రం అవతలి యాస, కానీ ఎంత ముద్దుగా ఉండేదో. షార్ట్ వేవ్ కాబట్టి పాట అలలా దగ్గరికొచ్చి దూరమైపోతుండేది. మంచి చరణం దగ్గరే దూరమయ్యేది, అదేం ఖర్మో.

ఇక అసలు కథ జనరంజనిది, అంటే శ్రోతలు అడిగిన సినిమా పాటలు వేసే కార్యక్రమానిది. 15 పైసల కార్డు మీద పాట పేరు, సినిమా పేరు, కింద వీధిలో ఉన్న పేర్లన్నీ రాసి బెజవాడ స్టేషనుకి పోస్టు చేసేవాళ్ళం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పదకొండు పేర్లతో ఒక కార్డు రాశాను. నా పేరు మొదట పెట్టుకున్నాను. రెండు వారాలు రేడియోని వదలకుండా కాచుకున్నాను. మూడో వారం ఒకరోజు మా అమ్మ చెరువుకి నీళ్ళకి పంపింది. బిందె ఎత్తుకుని వస్తుంటే కిరాణా కొట్టు బాబాయి కేకేశాడు, "నీ పేరు చదివారే పిల్లా!" అని. పది అడుగులు వేస్తే పక్కింటి పిన్ని గుమ్మంలోంచి, "నీదీ, మా బుజ్జిగాడిదీ చదివారు". రచ్చబండ దగ్గర ఇంకొకాయన. ఇంటికొచ్చేసరికి నలుగురు చెప్పారు. పాట కూడా అయిపోయింది. బిందె దించకుండానే ఏడ్చాను.

ఊరంతా విన్నది, నేను తప్ప. ఇన్నేళ్ళూ దాన్ని నా దురదృష్టంగానే చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఏడవాల్సింది కాదనిపిస్తుంది. నేను వినకపోయినా ఫరవాలేనంతగా అందరూ ఒకే నిమిషంలో ఒకటే వింటున్నారు. చదివింది నా పేరని వాళ్ళకి తెలుసు, పలానావారి అమ్మాయని తెలుసు. ఈరోజు నా పేరు ఏ దేశంలో ఎవరు చదివినా మా పిల్లాడు రికార్డు చేసి పంపిస్తాడు, పదిసార్లు వినొచ్చు. మా వీధిలో ఒక్కరికి తెలీదు.

పెళ్ళయి 1989లో తెనాలి వచ్చాను. మా ఆయన దగ్గర ఫిలిప్స్ ట్రాన్సిస్టరుంది. కాపురానికొచ్చిన మరుసటి ఏడాదే, తొంభై మే తుఫాను. మా వైపు వాళ్ళకి తుఫానంటే 77 ఉప్పెన గుర్తొస్తుంది. దివిసీమలో వేలమంది పోయారు. అప్పట్నుంచీ నవంబరులో రేడియో కట్టెయ్యాలంటే మా నాన్న చెయ్యి ఆడేది కాదు. ఆ మే నెలలో మా అమ్మానాన్నలు అక్కడ, నేనిక్కడ. కరెంటు పోయింది. బులెటిన్ వచ్చినప్పుడల్లా, మచిలీపట్నానికి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో చెప్పేవాళ్ళు. నేను కటింగ్ బల్ల మీద కుట్టుసుద్దతో ఆ అంకె రాసి, తర్వాతి బులెటిన్‌కి దాన్ని కొట్టేసి కింద కొత్త అంకె రాసేదాన్ని. అంకె తగ్గేకొద్దీ నా చేతిరాత పాడైపోయింది. మా ఆయన మధ్యలో రేడియో ఆపి బ్యాటరీలు చేత్తో రుద్ది మళ్ళీ వేసేవాడు. ఎండ లేదుగా పెట్టడానికి.

ఇక్కడ నిజం చెప్పాలి. మా నాన్న బతికున్నాడని రేడియో చెప్పలేదు. నాలుగోరోజున అటునుంచి వచ్చిన ఒకతను చెప్పాడు. పెంకులు లేచిపోయాయి, మనుషులు బాగున్నారని. కానీ ఆ మూడు రోజులూ అవనిగడ్డ, మోపిదేవి అని ఎవరో గొంతు పేర్లు పలుకుతుంటే, మావాళ్ళని ఎవరో చూస్తున్నారన్న ధైర్యం ఉండింది.

రేడియో ఎందుకు పోయిందంటే అందరూ టీవీ అంటారు, ఫోను అంటారు. నాకు తెలిసిన కారణాలు ఇంకొన్ని ఉన్నాయి. మొదటిది నా మోటారు. ఆ తర్వాత ఇంట్లోకి వచ్చిన ఒక్కొక్క వస్తువూ, మా పాత రేడియోలో బెజవాడ స్టేషను వచ్చే మీడియం వేవ్ మీద ఒక రాయి వేసింది. ఇన్వర్టరు ఒక రకం బుర్రు, ఎల్ఈడీ బల్బులు ఒక రకం ఈల, ఫోను చార్జరు చిటచిట. పక్క ఫ్లాటు వాళ్ళవి కూడా మనకే. 837 కిలోహెర్ట్జ్ మీద బెజవాడ స్టేషను రొద లేకుండా వినాలంటే డాబా మీదికి పోవాల్సి వచ్చింది. డాబా మీద కూచుని ఫాల్స్ ఎవరు కుడతారు? సీరియళ్ళు చూస్తూ కుట్టడం అలవాటు చేసుకున్నాను. చెవులతో సరిపోయే పనికి కళ్ళు కూడా ఇచ్చి, రెండుసార్లు హుక్కులు తిరగేసి కుట్టాను. రేడియోని జనం వదిలేశారని రాసేవాళ్ళని చూస్తే నాకు నోరు రాదు. వదిలేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, పదేళ్ళు.

ప్రైవేటు ఎఫ్ఎమ్‌లు వచ్చాక మోటారు గోల లేకుండా పాటలు వినపడ్డాయి. సంబరపడ్డాను కూడా. కానీ ఆ పిల్లలు మాట్లాడే వేగానికి నా సూది అందుకోలేదు. పైగా వాళ్ళకి సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నది ఉన్నట్టు వేసుకోవచ్చు, అంతే. ఇది వాళ్ళ తప్పు కాదు, ప్రభుత్వం పెట్టిన నియమం. ఫలితం మాత్రం ఏంటంటే, హైదరాబాదులో వేసే జోకే ఇక్కడా. పేరుకే లోకల్. నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు రేడియోలో బజారు ధరలు చెప్తూ దుగ్గిరాల పసుపు, గుంటూరు మిర్చి అంటుంటే మా మామయ్య గారు అన్నం ముద్ద గాల్లో ఆపేవారు. పసుపు పండించేవాళ్ళం కూడా కాదు. అయినా ఆపేవారు.

లోకల్ అంటే జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఉంది. 2008లో పల్లెటూరి దళిత ఆడవాళ్ళు సంఘం రేడియో అని సొంతంగా పెట్టుకున్నారు. వాళ్ళ యాసలో, వాళ్ళ విత్తనాల గురించి, వాళ్ళ పాటలు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పిన పదమూడేళ్ళకి ఆ ఆడవాళ్ళకి చేరిందన్నమాట. మా తెనాలికి అలాంటిదొకటి ఉంటే జాకెట్లు మానేసి రోజుకో గంట నేనే మాట్లాడతాను. వింటారో లేదో తర్వాత సంగతి.

ఇప్పుడు ఫోన్లో ఆకాశవాణి యాప్ ఉంది, మా పిల్లాడే వేసిపెట్టాడు. రొద లేదు, నిజమే. కానీ అది అర నిమిషం వెనకబడి వస్తుంది. అనౌన్సరు టైము చెప్పేసరికి నా గోడగడియారం ముల్లు దాటిపోయి ఉంటుంది. ముందు గడియారమే తప్పనుకుని రెండుసార్లు తిప్పాను. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూడా అదే యాప్‌లో బెజవాడ వింటుందట, తనకి ఇంకెంత వెనకో.

ఇక 2023 డిసెంబరు. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు పక్కనే. ముందురోజు నుంచీ వాన. ఫోన్ నిండా వీడియోలు. ఒకదాంట్లో కార్లు కొట్టుకుపోతున్నాయి, చూస్తే బోర్డుల మీద ఏదో చైనా భాషలా ఉంది. "బాపట్ల దగ్గర" అని కింద రాసి పంపింది మా వదినే. కరెంటు పోయింది, ఫోను చార్జింగ్ కూడా పోయింది. అప్పుడు అటక మీది ఫిలిప్స్ గుర్తొచ్చింది.

మూత తీస్తే లోపల పాత బ్యాటరీలు కారిపోయి స్ప్రింగుకి పచ్చగా చిలుం పట్టింది. కుట్లు విప్పే రిప్పరుతో ఆ చిలుం గీకాను. నిమ్మచెక్కతో రుద్దాను. లైనింగ్ ముక్కతో తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి చక్రం తిప్పాను. ఏమీ లేదు. ఇంకాస్త గీకాను. ఈసారి టప్‌మని పలికింది. ఎంత శుభ్రంగా వచ్చిందనుకున్నారు! వీధంతా కరెంటు లేదు కదా, ఒక్క మోటారు లేదు, బల్బు లేదు, చార్జరు లేదు. తొంభైలో విన్నంత స్పష్టంగా ఆ గొంతు మా ముందు గదిలోకి వచ్చి కూచుంది. బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం అంటోంది. మా ఆయన ఏమీ అనకుండా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పక్కింటి అమ్మాయి బిడ్డని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి, "ఏమంటున్నారాంటీ?" అంది. లోపలికి రమ్మన్నాను.

మర్నాడు సాయంత్రం నేను ఓ పెళ్ళివాళ్ళ జాకెట్లకి హుక్కులు కుడుతుంటే కరెంటొచ్చింది. వీధంతా ఒక్కసారి ఓ అన్నారు పిల్లలు. ట్యూబ్‌లైటు వెలిగింది, ఫ్రిజ్ మూలిగింది, రేడియో మళ్ళీ గర్ర్‌మంది. "ఇంక కట్టెయ్యి, ఫోను చార్జింగ్ పెట్టుకుందాం" అన్నాడు మా ఆయన.

ఫోను ఆయన పెట్టుకున్నాడు. నేను లేచి ట్యూబ్‌లైటు ఆపేసి, ఫ్రిజ్ స్విచ్చి కూడా తీసేసి, పీట కిటికీ దగ్గరికి లాక్కున్నాను. ఆరు హుక్కులు మిగిలాయి. చీకటి పడకముందే అయిపోయాయి.