నా టెస్టర్ లాక్కున్న పెద్దాయన

ఇంగ్లండులో మనిషి పోయాక అంత్యక్రియలకి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. ఆ రోజు చర్చిలో చేతికిచ్చిన కాగితం మీద ఆయన ఫొటో, దాని కింద ఒక్క లైను: రిటైర్డ్ ఎలక్ట్రీషియన్, కుటుంబమే లోకంగా బతికిన మనిషి. నిజమే గానీ మరీ రెండు ముక్కల్లో తేల్చేశారు అనిపించింది.

నేను 2009లో ఈఈఈ డిగ్రీ పట్టుకుని వచ్చాను. ఇక్కడ సైట్లో దాన్ని అడిగినవాడు లేడు. ఎలక్ట్రీషియన్ వెనకాల నిచ్చెన మోసే పని దొరికింది, దాన్ని ఇక్కడ మేట్ అంటారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఇంజినీర్నే. మొదటి రోజే ఆయన నా చొక్కా జేబులో ఉన్న నియాన్ టెస్టర్ చూసి, లాక్కుని వ్యాన్ సొరుగులో పడేశారు. "ఇది వెలగకపోతే కరెంటు లేనట్టా, లోపల బల్బు పోయినట్టా?" నా దగ్గర జవాబు లేదు. రెండు ప్రోబులున్న టెస్టర్ ఇచ్చి, ముందు కరెంటు ఉందని తెలిసిన చోట చూడు, తర్వాత నువ్వు ముట్టుకోబోయే వైరు చూడు, మళ్ళీ మొదటి చోటికెళ్ళి చూడు అన్నారు. మూడోసారి దేనికి అంటే, "మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉంటే?"

ఇక్కడ పాత త్రీఫేజ్ వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, అంటే కరెంటు మోసుకొచ్చే వైర్లు; నలుపు న్యూట్రల్, అంటే అది తిరిగి పోయే వైరు. 2004లో కొత్త రంగులు తెచ్చారు, 2006 ఏప్రిల్ నుంచి కొత్త పనికి అవే తప్పనిసరి: గోధుమ, నలుపు, బూడిద ఫేజులు, నీలం న్యూట్రల్. అంటే నీలం, నలుపు తారుమారైపోయాయన్నమాట. నేను నేర్చుకున్నది కొత్త రంగులే కాబట్టి, ఓ పాత భవనంలో నీలం వైరు చూసి న్యూట్రలే కదా అని టెస్ట్ చెయ్యకుండా చెయ్యి పెట్టబోయాను. కాలర్ పట్టుకుని వెనక్కి లాగారు. తిట్టలేదు. కాసేపు కూర్చోబెట్టి టీ ఇచ్చి, "సాయంత్రం ఈ సంగతి మీ ఆవిడకి చెప్పు" అన్నారంతే.

చెప్పలేదు. చెబితే ఆవిడకి రోజూ టెన్షన్. మర్నాడు అడిగితే చెప్పానని అబద్ధమాడాను. ఆయన వైర్లు విప్పుతూనే, "నేనూ మా ఆవిడకి చెప్పాను, కుర్రాణ్ణి కాస్తలో చంపేసేవాణ్ణి అని" అన్నారు. ఆ రాత్రి ఇంటికెళ్ళి మొత్తం చెప్పేశాను.

15 ఏళ్ళకే అప్రెంటిస్‌గా చేరిన మనిషి 2012లో రిటైరయ్యారు. అయ్యారన్న మాటే గానీ, వాళ్ళావిడకి మోకాళ్ళు పట్టేసి వంగలేకపోతోందని ఇంట్లో స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) మీదున్న సాకెట్లన్నీ నేల నుంచి 450 మిల్లీమీటర్ల ఎత్తుకి మార్చడం మొదలుపెట్టారు. నేనూ కొన్ని శనివారాలు వెళ్ళాను. గోడ చెక్కడం, దుమ్ము, ఆవిడ వంటగదిలోంచి కేకలు. అతుకులేసిన చోట వాల్‌పేపర్ రంగు కలవలేదు, ఆఖరిదాకా అలాగే ఉంది. ఇద్దరికీ పట్టలేదు కూడా.

ఆవిడ ముందు పోయారు. మూడేళ్ళకి ఆయన. ఇల్లు అమ్మే ముందు ఫ్యూజ్ బోర్డు మార్చాలని వాళ్ళమ్మాయి నాకే ఫోన్ చేసింది. మూత తీస్తే లోపల ఆయన చేతిరాత. కింద సాకెట్లు, పై లైట్లు, కుక్కర్, అన్నీ మామూలు పేర్లే. ఒక్క దాని పక్కన మాత్రం పెన్సిలుతో, "మెట్ల లైటు. ఆవిడకి చెప్పి ఆపాలి" అని ఉంది.

ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. మెట్ల వైపు తిరిగి, ఆపుతున్నానండీ అని తెలుగులోనే గట్టిగా చెప్పి స్విచ్ దించాను.