అరవయ్యా, అరవై ఐదా: మారిషస్‌లో విన్న కబుర్లు

మారిషస్ వెళ్తున్నానంటే మా కాకినాడలో ఒకటే ఎగతాళి. "ఈ వయసులో హనీమూనేమిటండీ?" అని. నిజానికి నేను వెళ్ళింది కోరంగి కోసం. మా ఊరి పక్కనే ఉన్న ఆ రేవు నుంచి పందొమ్మిదో శతాబ్దంలో చెరుకు తోటల్లో కూలికి ఓడలెక్కి పోయిన తెలుగువాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. వాళ్ళని మిగతావాళ్ళు చాలాకాలం కోరంగీలనే పిలిచారట. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. ఆ గుళ్ళూ భజనలూ చూసి నాలుగు ముక్కలు రాసుకుందామని నోటుబుక్కు పట్టుకెళ్ళాను. తీరా తిరిగొచ్చాక చూసుకుంటే బుక్కు నిండా పెన్షన్ లెక్కలే.

నేను వెళ్ళింది 2025 జూలైలో. అక్కడది చలికాలం, చెరుకు కొట్టే సీజన్. రోడ్లమీద చెరుకు లారీలు, వాటి వెనక ఓవర్‌టేక్ చెయ్యలేక విసుక్కునే కార్లు. అంతకు కొద్దివారాల ముందే, జూన్ 5న, ప్రధాని నవీన్ రామ్‌గులామ్ బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఆర్థికశాఖ కూడా ఆయన దగ్గరే ఉంది. అందులో ఒక్క ప్రకటనతో దేశం భగ్గుమంది: వృద్ధాప్య పెన్షన్ ఇచ్చే వయసును సెప్టెంబర్ నుంచి దశలవారీగా 60 నుంచి 65కి పెంచుతారట.

దీంట్లో అంత గొడవేముందని మొదట నాకూ అనిపించింది. కానీ ఆ పెన్షన్ సంగతి తెలిస్తే వేరు. అప్పటిదాకా అరవై దాటితే చాలు, ఉన్నవాడికీ లేనివాడికీ, ఉద్యోగం చేసేవాడికీ మానేసినవాడికీ అందరికీ ఒకటే లెక్క. నెలకి 15 వేల మారిషస్ రూపాయలు వచ్చేవి. మన డబ్బుల్లో ఇరవై ఎనిమిది వేల దాకా. ఆంధ్రలో 4,000, తెలంగాణలో 2,016 ఇస్తున్నారని నేను చెబితే, వింటున్నాయన పాపం అది వారానికేమో అనుకున్నాడు. అక్కడ కనీస వేతనమే 2024 జనవరిలో 16,500 అయింది. అంటే పెన్షన్ ఇంచుమించు ఒక జీతంతో సమానం. పైగా ఉద్యోగ విరమణ వయసు ఎప్పుడో 65కి చేరింది కాబట్టి అరవైకీ అరవై ఐదుకీ మధ్య ఉన్నవాళ్ళకి జీతమూ, పెన్షనూ రెండూ వచ్చేవి. పిల్ల పెళ్ళి, ఇంటిమీద స్లాబు, అప్పు తీర్చడం, అన్నిటికీ ఆ ఐదేళ్ళే అదను.

మయేబూర్‌లో నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో వంట చేసే ఆవిడకి ఆ ఏడాది డిసెంబర్లో అరవై నిండుతాయి. క్రియోల్ ఆవిడ, అంటే ఆఫ్రికా మూలాలున్న మనిషి. నాతో ఇంగ్లిషూ ఫ్రెంచీ కలిపి మాట్లాడేది. ఇరవై ఏళ్ళు గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసిందట. 2005లో ప్రపంచ బట్టల వ్యాపారంలో కోటాలు ఎత్తేశాక అలాంటి ఫ్యాక్టరీలు చాలా మూతబడ్డాయి, ఈవిడదీ పోయింది. పొద్దున టీ ఇచ్చి, కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో తన లెక్క వేసి చూపించింది. ఎడమవైపు "డిసెంబర్" అని రాసి పక్కన 15,000. దానికింద వంటింటి రేకు తీసేసి స్లాబు వెయ్యడానికి మేస్త్రీ చెప్పిన మొత్తం. దాన్ని రెండుసార్లు దిద్దింది. కుడివైపు ఏమీ రాయలేదు, పెద్ద ప్రశ్నార్థకం గీసింది. "ఆగస్టులో పుట్టినా బావుండేది. మా అమ్మని తిట్టుకోవాలి," అని నవ్వేసింది. సెప్టెంబర్ ఒకటికి ముందు అరవై నిండినవాళ్ళకి పాత పద్ధతే మరి. మా పక్కింటావిడకి వస్తోంది, నాకు రాదు, అదీ ఆవిడ బాధ. దేశం అప్పు గురించి అడిగితే, "అప్పు నేను చేశానా?" అంది.

అప్పు మాత్రం కట్టుకథ కాదు. అప్పటికి జీడీపీలో తొంభై శాతం దగ్గర్లో ఉంది. 2025 జనవరిలో, దేశాలకి అప్పు తీర్చే సత్తాని బట్టి మార్కులేసే మూడీస్ సంస్థ మారిషస్ రేటింగ్ అంచనాని నెగటివ్‌కి మార్చింది. ఇంకొక్క మెట్టు దిగితే పెట్టుబడికి పనికిరాని దేశాల జాబితాలో పడతారు. పాత ప్రభుత్వం అంకెలు ఎక్కువచేసి చూపించిందని కొత్త ప్రభుత్వం 2024 డిసెంబర్లోనే నివేదిక పెట్టింది. పన్నెండున్నర లక్షల జనాభా, పుట్టే పిల్లలు తక్కువ, ముసలివాళ్ళు పెరుగుతున్నారు. ఇవన్నీ నాకు చెప్పింది ఏ ఆర్థికవేత్తో కాదు, క్యూర్‌పిప్ వెళ్ళే బస్సులో ఇద్దరు పెద్దాళ్ళు.

ఆ బస్సు ముచ్చట కొంచెం చెప్పాలి. 2005 నుంచి అక్కడ వృద్ధులకీ విద్యార్థులకీ బస్సు ప్రయాణం ఉచితం. కాబట్టి పగటిపూట బస్సంటే కదిలే రచ్చబండే. మన దగ్గర ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టాక టికెట్ కొన్న మగాళ్ళు నిలబడి గొణుక్కుంటారే, అక్కడ ఆ గొణుగుడు కూడా లేదు, అలవాటైపోయింది. ముందు సీట్లో టోపీ పెట్టుకున్నాయన ప్రభుత్వం పక్షం. ఆయన వాదన: డబ్బులేనప్పుడు ఎక్కణ్ణించి తెస్తారు? కిటికీ దగ్గరాయన కార్మిక సంఘం మనిషి, పెన్షన్ మీద రాజధాని పోర్ట్ లూయిస్‌లో జరిగిన నిరసన ఊరేగింపుకి వెళ్ళొచ్చాడు. ఆయనకి తేదీలన్నీ నోటికొచ్చు. "2004లో అందరికీ కాకుండా ఆదాయం చూసి పెన్షన్ ఇస్తామన్నది ఎవరు? అప్పటి ప్రభుత్వం. 2005లో అది అన్యాయం అని ఓట్లు అడిగి గెలిచి, మళ్ళీ అందరికీ ఇచ్చింది ఎవరు? ఈ రామ్‌గులామే కదా!" టోపీ ఆయన కాసేపు కిటికీలోంచి చెరుకు తోటలు చూసి, "అప్పుడు మనం చిన్నవాళ్ళం," అన్నాడు. బస్సంతా నవ్వు.

నిజానికి ఈ పెన్షన్ని ఇంతవరకు తెచ్చింది వేలంపాటే. 2014 ఎన్నికల్లో ఒకేసారి 5,000 చేస్తామన్నారు. 2019లో గెలిపిస్తే ముందు 9,000 చేసి, ఆ తరవాత 13,500కి తెస్తామన్నారు. 2024లో రెండు కూటములూ పెన్షన్‌తోబాటు పధ్నాలుగో నెల జీతం కూడా వాగ్దానం చేశాయి. పదమూడో నెల బోనస్ అక్కడ చట్టంలోనే ఉంది, దాని మీద ఇంకోటన్నమాట. ఉచితాల గురించి మనల్ని మనం తెగ తిట్టుకుంటాం గానీ, ఈ పోటీలో మనమేం ఒంటరివాళ్ళం కాదు.

దక్షిణం వైపు ఒక పల్లెలో రామాలయానికి వెళ్ళాను. శనివారం సాయంత్రం భజన. పాడేవాళ్ళ పుస్తకాల్లో తెలుగు అక్షరాల కింద రోమన్ లిపిలో ఉచ్చారణ రాసి ఉంది. రాముడి పాట మన యాసలోనే సాగింది, పాట ఆగగానే అందరూ అక్కడి వాడుక భాష క్రియోల్‌లోకి దిగిపోయారు. మాది కాకినాడ, కోరంగి పక్కనే అనగానే ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. రిటైరైన స్కూలు మాస్టారు, తెలుగు కూడబలుక్కుని మాట్లాడతారు. "మాస్టారూ, పెన్షన్ సంగతి మీరేమంటారు?" అన్నాను. ఆయన సూటిగా, "పెంచాలి. పెంచకపోతే మా మనవలు కట్టుకోవాలి," అన్నారు. కాసేపాగి గొంతు పెంచి, "కానీ ఓటు అడిగినప్పుడు చెప్పలేదు!" అన్నారు. ఈ మాటే నేను మయేబూర్‌లో విన్నాను, బస్సులో విన్నాను, తరవాత పోర్ట్ లూయిస్‌లోనూ విన్నాను. లెక్క తప్పని అన్నవాళ్ళు తక్కువ. మమ్మల్ని అడగలేదన్నవాళ్ళే అందరూ.

ఆ కోపానికి ఒక కారణముంది. 2024 నవంబర్ 10న జరిగిన ఎన్నికల్లో రామ్‌గులామ్ కూటమికి జనం ప్రధాన ద్వీపంలోని 60 సీట్లకి 60 ఇచ్చారు. పాత ప్రభుత్వాన్ని అంత గట్టిగా ఓడించడానికి అప్పు కారణం కాదు, ఫోన్లు. అక్టోబర్లో 'మిస్యే ముస్తాస్' అనే పేరుతో ఎవరో సోషల్ మీడియాలో ఫోన్ సంభాషణలు వరసపెట్టి వదిలారు. రాజకీయ నాయకులవీ, విలేకరులవీ, పోలీసు అధికారులవీ. అప్పటి ప్రవింద్ జగన్నాథ్ ప్రభుత్వం ఎన్నికలయ్యేదాకా సోషల్ మీడియానే ఆపెయ్యబోయి, గోల లేచేసరికి ఒక్కరోజులో వెనక్కి తగ్గింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మన హైదరాబాద్ ఫోన్ ట్యాపింగ్ కథ చెబితే మాస్టారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. భజన నుంచి వస్తూ దారిలో ఆయనకో ఫోనొచ్చింది. రాజకీయం మాట వచ్చేసరికి, "ఇంటికి రా, మాట్లాడదాం," అని పెట్టేశారు. ప్రభుత్వం మారినా ఆ అలవాటు పోలేదట.

ప్రభుత్వం మారడమంటే అక్కడ ఇళ్ళు మారడం. స్వాతంత్ర్యం వచ్చిన 1968లో తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్, ఇప్పుడు ఆయన కొడుకు. మొన్న ఓడిన ప్రవింద్ అంతకుముందు ప్రధాని అనిరుధ్ జగన్నాథ్ కొడుకు. నేను వెళ్ళినప్పుడు ఉప ప్రధానిగా ఉన్న పాల్ బెరాంజే ఒక్కరే తండ్రి పేరుతో రాలేదు గానీ, 1969 నుంచి రంగంలో ఉన్న మనిషి. తెలుగువాళ్ళకి ఇందులో ప్రత్యేకంగా వివరించాల్సింది ఏముంది!

పోర్ట్ లూయిస్ సెంట్రల్ మార్కెట్ బయట దాల్ పూరీ బండి దగ్గర మాత్రం పెన్షన్ కాదు, ధరలు. బెల్లం వెయ్యని బొబ్బట్టు లాంటిది ఆ పూరీ. శనగపప్పు పొడి నింపి వత్తి పెనంమీద కాలుస్తారు. జతగానే అమ్ముతారు, ఒకటి ఇమ్మంటే వింతగా చూస్తారు. బండివాడు రెండు పూరీలు పరిచి, చిక్కుడుగింజల కూర, టమాటా రుగాయ్, కొత్తిమీర పచ్చడి, మిరప నూరుడు రాసి కాగితంలో చుట్టేదాకా ఒక్క నిమిషం పట్టదు. ఆ నిమిషంలోనే పప్పు ధర, నూనె ధర, డాలర్ ధర ఏకరువు పెట్టాడు. తినేది చాలావరకు దిగుమతే కాబట్టి అక్కడ దాల్ పూరీ అమ్మేవాడికి కూడా డాలర్ రేటు నోట్లో ఉంటుంది. వెనకనుంచి రేడియోలో ఫోన్-ఇన్ కార్యక్రమం. ప్రైవేటు రేడియోలు 2002లో వచ్చాయి. అప్పట్నుంచీ నీళ్ళు రాకపోయినా, రోడ్డు పాడైనా, పెన్షన్ ఆగినా ముందు రేడియోకే ఫోన్ చేస్తారట. ఒకామె నీళ్ళ గురించి ఎంత గట్టిగా అరుస్తోందంటే బండివాడు సౌండ్ తగ్గించాల్సొచ్చింది. వానలు విరగకురిసే దీవిలో ఎండాకాలం వస్తే గంటల లెక్కన నీళ్ళు. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళిస్తామన్న హామీకి పిల్లలు పుట్టి పెద్దయ్యారు అన్నాడతను.

మెట్రోలో ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. ఆ మెట్రో భారత్ ఇచ్చిన సాయంతో, అప్పుతో మన ఎల్ అండ్ టీ కట్టింది. కుర్రాడిది ఎబెన్ సైబర్ సిటీలో ఉద్యోగం, కెనడా వీసా కోసం చూస్తున్నాడు. పెన్షన్ గురించి అడిగితే, "నాకు అరవై ఐదు వచ్చేసరికి దాన్ని డెబ్బై చేస్తారు. అప్పటికి నేనిక్కడ ఉంటే కదా," అన్నాడు. ఇలా పోయేవాళ్ళ బదులు బంగ్లాదేశ్ నుంచీ, నేపాల్ నుంచీ, మడగాస్కర్ నుంచీ, మన దగ్గర్నుంచీ కూలీలని తెస్తున్నారు. నేను భారతీయుణ్ణని తెలిసి అతనో ప్రశ్న వేశాడు: మా అగలేగా దీవిలో మీవాళ్ళు కట్టిన రన్‌వే, జెట్టీ మాకోసమా, మీ నేవీ కోసమా? 2024 ఫిబ్రవరిలో ఇద్దరు ప్రధానులూ వీడియోలో ప్రారంభించిన కట్టడాలవి. నాకేం తెలుసు బాబూ అన్నాను. నమ్మలేదు.

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల మాట రాకుండా ఆ దేశంలో ఏ చర్చా పూర్తవదు. 2025 మే 22న బ్రిటన్ ఒప్పందం మీద సంతకం చేసింది: దీవులు మారిషస్‌వి, అక్కడి డియెగో గార్సియా సైనిక స్థావరం మాత్రం బ్రిటన్‌కి 99 ఏళ్ళ లీజు. బదులుగా మొదటి మూడేళ్ళు ఏటా 16.5 కోట్ల పౌండ్లు, ఆ తరవాత తక్కువ. ఆ డబ్బుని అప్పు తీర్చడానికి వాడతామని బడ్జెట్లో లెక్కేసుకున్నారు. పోర్ట్ లూయిస్ శివార్లలో, అక్కడి నుంచి వెళ్ళగొట్టిన కుటుంబాలుండే పేటలో, ఒక టీకొట్టు దగ్గర కూర్చున్నాను. ఆ దీవుల జనాన్ని 1968 నుంచి 1973 మధ్య ఓడల్లో తెచ్చి రేవులో దింపేశారు. కొట్టాయన తల్లి అలా వచ్చినామే. ఒప్పందం మంచిదా చెడ్డదా అంటే ఆయన తేల్చలేదు. సంతోషమే అన్నాడు, డియెగోకి మాత్రం మేము వెళ్ళలేం కదా అన్నాడు, మాట్లాడుకున్న బల్ల దగ్గర మావాళ్ళకి కుర్చీ వెయ్యలేదన్నాడు. పెన్షన్ సంగతి అడిగాను. "అమ్మకి వస్తోంది, నాకింకా పదేళ్ళుంది. అప్పటికి ఎంతమంది ప్రధానులు మారతారో," అంటూ ఇంకో కప్పు పోసి, దానికి డబ్బులు మాత్రం ఖచ్చితంగా తీసుకున్నాడు.