తొలి పార్లమెంటులో నల్లగొండ గొంతు వెతికిన నా అనుభవం

1952లో నల్లగొండ నుంచి పార్లమెంటుకు పోయిన సభ్యుల ప్రసంగాలను గోడపత్రాలుగా అచ్చేసి పిల్లలకు చూపించే పని మొన్ననే ముగిసింది. అప్పుడు నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒక్క స్థానం నుంచే ఇద్దరు సభ్యులు. రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు ఇద్దరూ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫునే గెలిచారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండె మరి, అందుకే కమ్యూనిస్టులు ఆ ఫ్రంట్ పేరుతో నిలబడ్డరు.

పాత సభా చర్చల స్కాన్ ఫైళ్లు పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉచితం. దించుకోవడం తేలిక. వెతకడంలోనే ప్రాణం పోతది.

ప్రదర్శనకు అనుమతి ఇవ్వాల్సిన ఆఫీసులో ఒక పెద్దమనిషి నా ముందే "నల్గొండ" అని కొట్టి, "సెర్చ్‌ల ఏం రాలే గదా సార్, అంటే మాట్లాడనట్టే" అని నలుగురిలో నవ్విండు. ఒక్క పేజీ తెరిచి చూసింది లేదు.

ఎందుకు రాదంటే, ఆ ముద్రణ పేజీకి రెండు కాలమ్‌లు. ఇరుకు కాలమ్‌లో మాట సగానికి విరిగి, కింది వరుసకు పోతుంది. స్కాన్ చేసిన యంత్రం దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. పైగా ఊరి పేరు సభ్యుడి పేరు పక్కన కుండలీకరణాల్లో మొదటిసారి మాత్రమే వస్తుంది, ఆ తర్వాత పేరొక్కటే. రెడ్డికి ఇంగ్లిషులో చివర ఒకచోట వై, ఇంకోచోట ఐ. అందుకని పేరులో సగం ముక్క కొట్టాలి, తేదీతో వడపోయాలి, తర్వాత విషయసూచిక పట్టుకుని కళ్లతో చదవాలి. వేరే దారి లేదు.

ప్రశ్నోత్తరాలు మొదటి భాగం, మిగతా సభాకార్యక్రమం రెండో భాగం. ఒకే తేదీకి రెండూ వేర్వేరు ఫైళ్లు. ఒకటే దించుకుంటే సగం పోయినట్టే. 1954 మే 14కు ముందు సభ పేరు హౌస్ ఆఫ్ ది పీపుల్. 1952 నాటి ప్రసంగం కింద "లోక్‌సభ" అని వేస్తే తెలిసినవాళ్లు పట్టేస్తారు.

ఆ ఆఫీసుకు చివరికి ఇచ్చింది స్క్రీన్‌షాట్ కాదు. తేదీ, భాగం, కాలమ్ నంబరు రాసి, ఆ పేజీతో పాటు ఆనాటి మొదటి పేజీని కూడా జతచేసిన. పేజీ నంబరు రాయొద్దు, అక్కడ లెక్క కాలమ్‌లదే. కాగితం చూసినంక ఆ నవ్వు మళ్లీ రాలే.

ఇంకొకటి. వేదికల మీద రావి నారాయణరెడ్డికి "నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీ" అని ఊదరగొడతారు. ఎక్కువ వచ్చినవి ఓట్లు: ఈయనకు 3,09,162, నెహ్రూకు 2,33,571. నెహ్రూ పోటీచేసిన అలహాబాద్ తూర్పు కమ్ జౌన్‌పూర్ పశ్చిమ కూడా ద్విసభ్య స్థానమే, ఓటరుకు రెండేసి ఓట్లు. కాబట్టి పోలిక నిలుస్తుంది. మెజారిటీ అన్న మాట మాత్రం గోడపత్రం మీద వేయకండి.

ఫైలు పేరులోనే తేదీ, భాగం, కాలమ్ పెట్టుకోండి. మహబూబ్‌నగర్ వాళ్లు చేసేటట్టయితే మీదీ అప్పుడు ద్విసభ్య స్థానమే, ఇద్దరినీ వెతకండి.