పొట్ట మీద సంచి, దాని చుట్టూ మంట

మా ఆయనకి ఆపరేషన్ అయ్యి నెలన్నర అవుతోంది. టైఫాయిడ్ ముదిరిపోయి చిన్నపేగుకి కన్నం పడిందని వైజాగ్‌లో అర్జెంటుగా కోసి పేగుని పొట్ట మీదకి తీసి పెట్టారు, ఇలియోస్టమీ అంటారు, బయటికి కనబడే ఆ పేగు మూతిని స్టోమా అంటారు, కొన్నాళ్ళకి మళ్ళీ లోపల పెట్టి కుట్టేస్తామన్నారు. మా అత్త మజ్జిగౌరమ్మకి మొక్కేసుకుంది, మేం రాయగడ వచ్చేశాం.

మూడో వారం దాటాక ఓ రోజు ప్లేటు (మలం పడే సంచిని పొట్టకి అంటించే జిగురు బిళ్ళ, స్టోమా పట్టేలా మధ్యలో కన్నం కోస్తాం) తీస్తే స్టోమా చుట్టూ చర్మం ఎర్రగా, తడితడిగా, పచ్చిపుండులా ఉంది. నీళ్ళు తగిలితే చాలు, ఆయన పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగిపోయేవారు. అత్త చూసి "ఓలమ్మో, ఏటే ఇది ఇలగైపోనాది" అని కొబ్బరినూనె తెచ్చి రాసేసింది. ప్రేమతోనే రాసింది పాపం, కానీ నూనె మీద ప్లేటు ఎక్కడ అంటుకుంటుంది, రాత్రి రెండింటికి పక్కంతా తడిసిపోయింది. పక్కింటి ఒడియా మావుసీ పసుపు పెట్టమంది, ఆ పని మాత్రం చెయ్యలేదు.

నేను తక్కువదాన్నేం కాదు. ప్లేటు ఊడుతోందని దాని కింద పెట్టే స్టోమా పేస్ట్ దట్టంగా పూసేదాన్ని, అది గమ్ము అనుకుని. గోడ పగుళ్ళకి లప్పం పెట్టినట్టు గుంటలు పూడ్చడానికంట అది. పైగా మా ట్యూబులో స్పిరిట్ ఉంది, పచ్చి చర్మం మీద కారం పూసినట్టే.

చివరికి వైజాగ్ సిస్టర్‌కి వాట్సాప్‌లో ఫొటో పెడితే ఆవిడ అడిగిన మొదటి మాట, "ప్లేటుకి కన్నం ఎంత కోస్తున్నావమ్మా?" డిశ్చార్జి రోజు గీసిచ్చిన అట్టముక్క పెట్టి ఇంకా 38 మిల్లీమీటర్లే కోస్తున్నా. స్టోమా కొలిచే కార్డు పెట్టి చూస్తే స్టోమా 30కి దిగిపోయి ఉంది! వాపు తగ్గేకొద్దీ 6 నుంచి 8 వారాల దాకా చిన్నదవుతూనే ఉంటుందంట, వారం వారం కొలవాలంట. చుట్టూ 4 మిల్లీమీటర్ల చర్మం ఉంగరంలాగా బయటపడి ఉంది, తిన్నది అరిగించే రసాలు కలిసిన పేగునీళ్ళు అక్కడే నిలబడి చర్మాన్ని అరిగించేస్తున్నాయి, మేమేమో ఎలర్జీ అనుకుని ఆయింట్‌మెంట్లు కొంటున్నాం.

ఇప్పుడు పొద్దున్న ఐదున్నరకి, టీ చుక్క పడకముందే మారుస్తాం, అప్పుడు పేగు కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఒక చేత్తో చర్మం నొక్కిపట్టి రెండో చేత్తో ప్లేటు మెల్లగా తీస్తా. గోరువెచ్చని నీళ్ళు, పాత నేతచీర ముక్క, అంతే. డెట్టాల్ లేదు, బేబీ వైప్స్ లేవు. తుడిచేటప్పుడు స్టోమా మీద చుక్క రక్తం వస్తే మొదట్లో నా చేతులు వణికేవి, బ్రష్ గట్టిగా తోమితే చిగుళ్ళకి వచ్చినట్టే అది, ఆగిపోతుంది. స్టోమాకి నొప్పి తెలీదు, మంటంతా చర్మానిదే. బాగా ఆరాక పచ్చిగా ఉన్నచోట స్టోమా పౌడర్ చల్లి మిగిలిందంతా దులిపెయ్యాలి (దులపకపోతే ప్లేటు అంటదు), పైన స్పిరిట్ లేని బారియర్ స్ప్రే (చర్మం మీద కాపుదలగా పొర కట్టేది), అది ఆరాక మళ్ళీ పౌడర్, మళ్ళీ స్ప్రే, అలా పల్చటి పెచ్చు కడుతుంది. ప్లేటు కన్నం స్టోమా కంటే 2 మిల్లీమీటర్లే పెద్దగా కోస్తా. ఈలోపు ఆయన ప్లేటుని థర్మామీటర్‌లా చంకలో పెట్టుకుని వెచ్చబెడతారు, నాకు నవ్వాగదు. అంటించాక కాసేపు అరచెయ్యి ఆనించి ఉంచడమే.

ప్లేటు కింద దురద పుట్టిందంటే లీకేమో అని వెంటనే తీసి చూడాలి. ఇదివరకు పైన టేపేసి ఇంకో రోజు లాగించేవాళ్ళం. ఈ ప్లేట్లు ఇక్కడ నేనడిగిన షాపుల్లో దొరకలేదు, తమ్ముడు వైజాగ్ నుంచి ట్రైన్లో ఎవరో ఒకరి చేత పంపాలి, అందుకని ఒక్కో ప్లేటూ బంగారంలా దాచుకునేదాన్ని. నా పిసినారితనం ఆయన చర్మం మీద పడింది. సంచి కూడా మూడోవంతు నిండగానే ఖాళీ చేస్తున్నాం, బరువుకి ప్లేటు లాగేస్తుంది మరి.

ఐదు రోజులకి తడి ఆరింది. ఓ పక్కన మాత్రం విడివిడిగా చిన్న ఎర్రపొక్కులు మిగిలాయి, ఈ చెమటలకి ఫంగస్ అని డాక్టర్ పౌడర్ మందు రాశారు, క్రీమ్ అయితే ప్లేటు జారిపోతుందని. స్టోమా ఊదారంగుకో నలుపుకో తిరిగితే మాత్రం ఫొటోలు పెడుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వచ్చెయ్యమన్నారు.

ఇవాళ కొలిస్తే 28. కొత్త అట్టముక్క కోసి దాని మీద తారీఖు వేశా, 38 ముక్క చింపి పారేశా.