స్టాండప్ కమెడియన్ స్టీవర్ట్ లీతో మొదలుపెట్టొద్దు

బ్రిటన్ వామపక్ష కామెడీ కొత్తగా చూసేవాళ్లు ముందు 'మార్క్ స్టీల్స్ ఇన్ టౌన్' వినండి. 2009లో బీబీసీ రేడియో 4లో మొదలైంది. కమెడియన్ మార్క్ స్టీల్ ఊరూరూ తిరిగి, ఆ ఊరి గొప్పలనూ పక్కూరితో పోట్లాటలనూ ఆ ఊరోళ్ల ముందే ఎగతాళి చేస్తాడు. ఉగ్గాని కర్నూలుదా అనంతపురందా అన్న తగువును మన ముందే అరగంట లాగినట్టన్నమాట.

తర్వాత టీవీ కామెడీ సీరియల్ 'ది యంగ్ వన్స్' (1982–84), మొత్తం 12 ఎపిసోడ్లే. అందులో రిక్ అనే పాత్ర అరాచకవాదినని అరుస్తాడు, ఆరాధించేదేమో బుద్ధిమంతుడిగా పేరున్న పాప్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌ను! అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ గురించి ముందే చదువుకోండి, లేకుంటే సగం జోకులు గాలికే.

స్టీవర్ట్ లీ చివర్లో. ఒకే మాటను తిప్పితిప్పి అంటాడు. రెండు నిమిషాల క్లిప్పులో అది ఉత్త నస. ఎపిసోడ్ పూర్తిగా చూస్తేనే ఆ విసుగు నవ్వుగా తిరుగుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.