అంచనా 1 రో, వచ్చినవి లక్షలు
రెండు పెద్ద టేబుల్స్ జాయిన్ చేసే క్వెరీ ఒకటి మొన్నటిదాకా బానే నడిచింది, బల్క్‌గా డేటా లోడ్ చేశాక మాత్రం నత్తనడక. ఇండెక్స్ ఉంది, సర్వర్ ఖాళీగానే ఉంది, మరెక్కడ ఇరుక్కుందా అని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీని నడిపి, ఎలా నడిచిందో చూపించే కమాండ్) పెట్టి చూస్తే ప్లానర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే భాగం) అంచనా 1 రో, నిజంగా వచ్చినవి లక్షల్లో! ఒక్కటే అనుకుంది కాబట్టి నెస్టెడ్ లూప్ ఎంచుకుంది, ఇక ప్రతి రోకీ రెండో టేబుల్‌లోకి వెళ్లి వెతుక్కు రావడమే, అన్ని లక్షల సార్లూ. ప్లానర్ అంచనా వేసేది టేబుల్ డేటా గురించి దాచుకున్న స్టాటిస్టిక్స్‌తో, అవి పాతవన్నమాట. వెనకాల దానంతటదే నడిచే ఆటోవాక్యూమ్ వాటిని అప్‌డేట్ చేస్తుంది గానీ లోడ్ అయిన మరుక్షణమే కాదు కదా. స్లో అనగానే ఇంకో ఇండెక్స్ వేసేయకండి ప్లీజ్, ముందు ఈ రెండు అంకెలు పక్కపక్కన చూడండి. టేబుల్ మీద అనలైజ్ (స్టాటిస్టిక్స్‌ని కొత్తగా తీసే కమాండ్) రన్ చేయగానే ప్లాన్ హాష్ జాయిన్‌కి (ఒక టేబుల్‌ని హాష్ టేబుల్‌గా పెట్టుకుని రెండోదాన్ని దానితో పోల్చే పద్ధతి) మారింది, సెకన్లలో రిజల్ట్, ప్రాణం లేచొచ్చింది నిజంగా! క్వెరీలో ఒక్క అక్షరం మార్చలేదు. ఇప్పుడు లోడ్ స్క్రిప్ట్ చివర్లోనే అనలైజ్ పెట్టేశాం.